తొంభై ఏడు శాతం దగ్గర సమాధుల తోట

మనిషి చావడానికి ఏ ఆధారమూ జతపరచనక్కర్లేదు. పరిపాలన ఇంకా అంత దూరం రాలేదు. చచ్చిన మనిషిని పూడ్చే చోటు కోసం మాత్రం రెండు ఫారాలు, ఒక ప్రమాణపత్రం, ఒక సీడీ కావాలి. ఈ సత్యం రిటైరైన హెడ్మాస్టరు దేవపాలుకు డెబ్బై ఒకటో యేట, జమ్మలమడుగులో ఒక నోటీసు బోర్డు ముందు నిలబడి ఉండగా బోధపడింది.

విషయం చిన్నదే. దేవపాలు పుట్టిన సుద్దమిట్ట అనే ఊరు జలాశయం వెనక నీళ్లలో మునిగిపోయింది. ఊరివాళ్లకు జమ్మలమడుగు బయట ఒక కాలనీ కట్టించి ఇచ్చారు. కాలనీకి రోడ్డు ఉంది. నీళ్ల ట్యాంకు ఉంది. ట్యాంకు మీద దాన్ని ప్రారంభించినవాళ్ల పేర్లు ఉన్నాయి. సమాధుల తోట మాత్రం లేదు. పాత ఊళ్లో చర్చి వెనక అర ఎకరం ఉండేది, నలభై రెండు సమాధులతో. కాలనీకి ప్లాను గీసినాయన బతికి ఉన్నవాళ్లనే లెక్కలోకి తీసుకున్నాడు. (ఆయన్ను అనడానికి లేదు. ఆయనకిచ్చిన ఫారంలో చచ్చినవాళ్లకు గడి లేదు.)

ఇలాంటి లోట్లు సరిచేయడానికే మునక ఆనవాళ్ల నిర్ధారణ విభాగం అని ఒకటి వెలిసింది. మునిగిపోయినవి మునగకముందు ఉండేవని తేల్చడం దాని పని. కింది ఆఫీసు జమ్మలమడుగులో, పై ఆఫీసు పులివెందులలో. మధ్యలో ఫైలు ప్రయాణం చేస్తుంది.

నోటీసు బోర్డు మీద నిబంధనలు స్పష్టంగా ఉన్నాయి. ఆనవాలును చూపే వీడియోను సీడీ రూపంలో మాత్రమే సమర్పించవలెను. పెన్‌డ్రైవు తీసుకొనబడదు (వైరస్ వచ్చును). వాట్సాప్ తీసుకొనబడదు (అందరికీ పోవును). సీడీ కొత్తదై, గీతలూ మరకలూ లేనిదై ఉండవలెను. గడువు నెలాఖరు సాయంత్రం ఐదు గంటలు. ఆరో నిబంధన మీద ఎవరో పెళ్లి సంబంధాల కాగితం అతికించినందువల్ల అది ఈనాటికీ అమల్లోకి రాలేదు.

దేవపాలు దగ్గర వీడియో ఉంది. నీళ్లు రాకముందు ఆఖరిసారి ఊరంతా సమాధుల దగ్గర ప్రార్థన చేసినప్పుడు ఆయనే సెల్‌ఫోన్లో తీశాడు. ఆ ఫోను తర్వాత చెడిపోయింది గానీ, వీడియోను అంతకు ముందే ఇంట్లో కంప్యూటర్లోకి ఎక్కించి పెట్టుకున్నాడు. కంప్యూటర్ వయసు పదహారేళ్లు. దాని మీద అల్లిక గుడ్డ ఒకటి కప్పి ఉంటుంది. దానికో సీడీ రైటర్ ఉంది. కాబట్టి పని పది నిమిషాల్లో అయిపోతుందని దేవపాలు అనుకున్నాడు. ముప్పై నాలుగేళ్లు ప్రభుత్వోద్యోగం చేసిన మనిషి అలా అనుకోవడం వింతే.

ఈ పనిలో అసలు కక్షిదారు ఆయన అక్క ప్రేమకుమారి. వయసు ఎనభై నాలుగు. నర్సుగా చేసి రిటైరయింది. భర్త పోయి ఇరవై ఏళ్లు. ఆయన సమాధి పక్కన తన కోసం ఆరడుగుల చోటు చూసి పెట్టుకుంది. ఆ చోటిప్పుడు చేపల స్వాధీనంలో ఉంది.

“యాడ పూడుస్తావురా నన్ను?” అని ఆమె రోజూ పొద్దున కాఫీ తాగుతూ అడుగుతుంది. వానొస్తుందా అని అడిగినట్టు అడుగుతుంది.

“టౌన్లో పెద్ద తోట ఉండాది గదక్కా.”

“ఆడ అందరూ ఎవరెవరో. పక్కన పండుకున్నోళ్లు ఏ ఊరోళ్లో, ఎట్లాంటోళ్లో. కొత్తచోట నాకు నిద్ర పట్టదు, నీకు తెల్దా?”

“ఈ నెలాఖరుకు సీడీ ఇచ్చేస్తే మనకే ఇస్తారు, కాలనీ పక్కన.”

“అయితే అంతదాకా సావను లే. నువ్వు తొందరగా కానీ.”

దేవపాలు రైటర్లో సీడీ పెట్టాడు. రైటర్ దాన్ని లోపలికి తీసుకుని, గొంతు సవరించుకుని, బయటికి పంపింది. మళ్లీ పెట్టాడు. మళ్లీ పంపింది. ‘డిస్కులో లోపం ఉన్నది, మరొక డిస్కు పెట్టుము’ అని తెర మీద ఇంగ్లీషులో వచ్చింది. ఆ కంప్యూటర్ దేనికీ తన మీద నింద రానివ్వదు. దేవపాలుకు అందులో తనతో పనిచేసిన ఇద్దరు ముగ్గురు కనిపించారు.

మర్నాడు ఆయన కంప్యూటర్ పెట్టెను ఒళ్లో పెట్టుకుని బస్సులో ప్రొద్దుటూరు పోయాడు. (దానికి లగేజీ టికెట్టు కొట్టాలా, వయోవృద్ధుల రాయితీ ఇవ్వాలా అని కండక్టరు కాసేపు ఆలోచించాడు.) బంగారం అంగళ్ల వెనక సందులో కలీం షాపు ఉంది. కలీం ఒకప్పుడు క్యాసెట్లు రికార్డు చేసేవాడు. తర్వాత సీడీలు. ఇప్పుడు సెల్‌ఫోన్లకు అద్దాలు అతికిస్తాడు. మూడు యుగాలు చూసిన మనిషికి ఉండే నిదానం ఆయనకుంది.

“సీడీనా సార్? ఎవరికి? మ్యూజియంకా?”

“ఆఫీసుకు.”

“అదే నేననేది.” కలీం పెట్టె విప్పి, రైటర్ లోపలి కంటిని స్పిరిట్ ముంచిన దూదితో తుడిచాడు. దూది నల్లగా వచ్చింది. “కంటిలో పొర, సార్. ఇప్పుడు పోయింది.”

“నీ దగ్గరే రాసి ఇయ్యగూడదా, కలీం?”

“నా రైటర్లు పాత సామాన్లోనికి ఎప్పుడో ఏసేస్తి. ప్రొద్దుటూరంతా తిరిగినా, మైదుకూరు పోయినా ల్యావు. ప్రాణంతో ఉండేది మీ ఇంట్లోదే.” అటక మీద నుంచి దుమ్ముపట్టిన కట్ట ఒకటి దించాడు. “పాతిక సీడీలుండాయి. ఇవి అయిపోతే ఇంక దేవుడే. ఒక మాట చెప్తా వినండి. ముసలి మిషను. స్పీడు పెట్టినారంటే ఊపిరాడక పడిపోతాది. అన్నిటికంటే తక్కువ స్పీడు పెట్టండి. పావుగంట పడ్తాది. పడనీండి.”

“పావుగంట తర్వాత వస్తాదా?”

“వస్తే వస్తాది. రాకపోతే ఇంకోటి పెట్టండి. పాతిక ఉండాయి గదా సార్.”

కలీం వైద్యం ఫలించింది. మర్నాడు పొద్దున ప్రార్థన ముగించుకుని, తొమ్మిదీ నలభై ఐదుకు దేవపాలు కంప్యూటర్ ముందు కూర్చున్నాడు. ఆయన జీవితంలో మొదటి పీరియడ్ ఎప్పుడూ తొమ్మిదీ నలభై ఐదుకే. రిటైరై పదమూడేళ్లయినా, లోపల ఎక్కడో ఎవరో ఆ టైంకు గంట కొడుతూనే ఉన్నారు. అంతకుముందు మొదలుపెడితే దొంగతనంగానూ, తర్వాత మొదలుపెడితే నేరంగానూ ఆయనకు తోస్తుంది.

రైటర్ రాయడం మొదలుపెట్టింది. పది శాతం. నలభై. డెబ్బై. తొంభై. తొంభై ఏడు.

తొంభై ఏడు దగ్గర ఆగింది. ‘తెలియని కారణము వలన విఫలమైనది.’

మరుసటి రోజు కూడా తొంభై ఏడు. ఆ మరుసటి రోజు తొంభై ఏడు. ప్రతిసారీ గదిలో వెలుతురు కొంచెం తగ్గినట్టు అనిపించేది. ఆశ భంగమైనప్పుడు కళ్ల ముందు లోకం మసకబారడం మనసు స్వభావమేనని దేవపాలు సరిపెట్టుకున్నాడు. ఆ విషయం మీద ఒకటి రెండు పుస్తకాలు కూడా చదివి ఉన్నాడాయన.

రోజుకు ఒక్క సీడీయే. కట్ట అయిపోతే దేవుడేనని కలీం చెప్పి ఉన్నాడు, దేవపాలు దేవుణ్ణి ఆ స్థాయి పనులకు కదిలించే రకం కాదు. పోయిన సీడీకి ప్రేమకుమారి దారం కట్టి పెరట్లో మునగచెట్టుకు వేలాడదీసేది. మొదటి వారం దాటేసరికి కాకులు ఆ చెట్టు మీద వాలడం మానేశాయి. ఆ ప్రాజెక్టులో అంతవరకూ సాధించిన ప్రగతి అదే.

ఎనిమిదో రోజు దేవపాలుకు ఒక సిద్ధాంతం తట్టింది. పరీక్ష హాల్లో పిల్లవాడు ఆఖరి ప్రశ్న రాస్తుండగా వెనక పోయి నిలబడితే, వాడి కలం ఆగిపోతుంది. ఇది ఆయన ముప్పై నాలుగేళ్ల అనుభవం. రైటరూ రాసేదే గదా. తాను కళ్లార్పకుండా చూస్తూ ఉంటే అది మాత్రం ఎలా పూర్తి చేస్తుంది? ఆ రోజు నుంచి తొంభై శాతం రాగానే ఆయన లేచి, చేతులు వెనక్కి కట్టుకుని, ఏమీ పట్టనట్టు వరండాలోకి పోయేవాడు. వీధిలో పోయే మేకల్ని చూసేవాడు. తాను ఇక్కడ రైటర్ గురించి ఆలోచించడం లేదని లోపల గట్టిగా అనుకునేవాడు. తిరిగి వచ్చేసరికి, తొంభై ఏడు.

“మనమేమో పూడ్చేవాళ్లం,” అని ప్రేమకుమారి తన సిద్ధాంతం చెప్పింది. “సీడీ రాసేదాన్ని ఇంగ్లీషులో బర్నింగు, అంటే కాల్చేది అంటాండావు. మన ఇంట్లో ఎట్ల కాల్తాది చెప్పు?”

దేవపాలు నవ్వలేదు. వీడియోలోనే లోపం ఉందేమో చూద్దామని మళ్లీ పెట్టాడు. ఓడిన ప్రతిసారీ అలాగే పెడుతున్నాడు. పద్నాలుగు నిమిషాల వీడియో. ఎండ. ఈదురు గాలి చప్పుడు. కొత్తగా సున్నం కొట్టిన సమాధులు. వాటి మధ్య ప్రేమకుమారి చీర కుచ్చిళ్లు ఎగదోపుకుని, బకెట్టు పెట్టుకుని, భర్త సమాధిని పీచుతో రుద్ది కడుగుతూ ఉంటుంది. కెమెరా దగ్గరికి రాగానే తలెత్తుతుంది. “నన్నెందుకు తీస్తావురా, ఆయన్ను తీయి,” అంటుంది. తీసేవాడు నవ్వుతాడు. తన నవ్వు అలా ఉండేదని దేవపాలుకు ఈ వీడియో చూసే దాకా గుర్తు లేదు.

పన్నెండో రోజు ఆయనకు ఒక అనుమానం వచ్చింది, అది రైటర్ మీద కాదు. తొంభై ఏడు దగ్గర ఆగినప్పుడు తన గుండెలో మొదట వచ్చేది నిరాశ కాదు. దాని కంటే ఒక్క క్షణం ముందు ఇంకేదో వస్తోంది. రేపు బడికి సెలవని నోటీసు చదివినప్పుడు పిల్లల ముఖాల్లో వచ్చేదాని లాంటిది. సీడీ పూర్తయితే ఆఫీసుకిచ్చేయాలి. ఇచ్చేస్తే వీడియో పెట్టుకోవడానికి ఇంక కారణం ఉండదు. సుద్దమిట్ట మునిగిందని ఒప్పుకుంటూ సంతకం పెట్టాలి. తానే లోపల్నించి ఆ మిషనును ఆపుతున్నాడా? ఈ ప్రశ్న ఆయన్ను రెండు రోజులు తిననివ్వలేదు. మనసు లోతులు చూడడం అలవాటైనవాళ్లకు ఇదొక ఇబ్బంది. పక్కింటివాడు మోటారు వేసినా తమ లోపలే ఏదో కదిలిందనుకుంటారు.

పంతొమ్మిదో సీడీ పోయిన రోజు ప్రేమకుమారి పంచాంగం చూసినట్టు గోడ గడియారం చూసింది.

“ఒరే, రోజూ ఒకే టైంకు జరం వచ్చే రోగమేంది?”

“ఏందక్కా?”

“చలిజరం. మలేరియా. నలభై ఏండ్లు వార్డులో చూసినా. పదింటికి వణుకు మొదలైందంటే రోజూ పదింటికే. నీ డబ్బా కూడా అంతే. రోజూ పదింటికే కుయ్యిమంటాది, లైటు డిమ్మయితాది, నీ మొగం మాడ్తాది. దోమ యాడుండాదో చూడు.”

దోమ ట్యాంకు కింద ఉంది. కాలనీకి నీళ్లెక్కించే పెద్ద మోటారును రోజూ సరిగ్గా పదింటికి వేస్తారు. (ఆ చుట్టుపక్కల చెప్పిన టైంకు జరిగే ప్రభుత్వ కార్యక్రమం అదొక్కటే. దాన్ని అనుమానించాలని ఎవరికి తోస్తుంది?) మోటారు తిరగ్గానే కాలనీ అంతటా కరెంటు కుంగుతుంది. తొమ్మిదీ నలభై ఐదుకు మొదలుపెట్టి పావుగంట పాటు రాసే రైటరుకు, సరిగ్గా తొంభై ఏడు శాతం దగ్గర ఊపిరి అందదు. ఇద్దరు సమయపాలకుల మధ్య పడి పంతొమ్మిది సీడీలు పోయాయి.

“అయితే పదిన్నరకు పెట్టు,” అంది ప్రేమకుమారి.

“పదిన్నరకు రెండో పీరియడ్ కదక్కా,” అన్నాడు దేవపాలు. అన్నాక, అది ఎవరి గొంతో ఆయనకే తెలియలేదు.

“నేను పదిన్నరకు సచ్చిపోతే, బెల్లు కొట్టేదాకా ఆగమంటావా?”

మర్నాడు పదిన్నరకు పెట్టాడు. తొంభై ఏడు వచ్చింది. తొంభై ఎనిమిది వచ్చింది. ఆ అంకె దేవపాలు ఎప్పుడూ చూసి ఉండలేదు. కొత్త దేశం గట్టు కనబడినట్టు చూశాడు. నూరు. రైటర్ సీడీని బయటికి అందించింది, వేడి వేడిగా. అక్కాతమ్ముడు దాన్ని వేసి సాంతం చూశారు. “నన్నెందుకు తీస్తావురా,” అంది తెర మీద ప్రేమకుమారి. “లావుగా ఉండా గదా అప్పుడు,” అంది కుర్చీలో ప్రేమకుమారి.

గడువు రోజు సాయంత్రం నాలుగింటికి దేవపాలు జమ్మలమడుగు ఆఫీసుకు చేరాడు. సీనియర్ అసిస్టెంటు నాగేంద్ర ఫారాలు చూసి, ప్రమాణపత్రం చూసి, సీడీని కవరులోంచి తీశాడు. అంచులు పట్టుకుని ట్యూబులైటు కేసి ఎత్తాడు. అటు తిప్పాడు, ఇటు తిప్పాడు. ఎక్స్‌రే చూసే డాక్టరు ముఖంలా ఆయన ముఖం మెల్లగా విచారంలోకి దిగింది.

“పెద్దాయనా, ఇది వాడిన సీడీ.”

“లేదు సార్, కొత్తదే. నిన్ననే రాసినా.”

“ఈడ చూడు. ఈ మధ్యలో నుంచి ఈడి దాకా రంగు మారి ఉండాది. రింగు మాదిరి. కొత్తదానికి ఇట్ల ఉండదు.”

“రాస్తే రంగు మారుతాది సార్.”

“అదే నేను చెప్పేది. వాడినావు.”

“వాడకుండా వీడియో ఎట్ల వస్తాది?”

“అది నీ ఇష్టం. రూల్లో కొత్తది అని ఉండాది, మరకలు ఉండగూడదని ఉండాది. రేపు ఆడిట్ వాళ్లొచ్చి పాత సీడీలు ఎందుకు తీసుకున్నావంటే నేనేం చెప్పాల?”

దేవపాలు బల్ల మీదికి వంగాడు. “ఒకసారి వేసి చూడండి సార్. అంతా ఉండాది.”

“ఏసి చూసేదానికి మా దగ్గర యాడుండాది? చూసేది పులివెందులలో, పై ఆఫీసులో. మా పని కట్టి పంపేది.” నాగేంద్ర కొంచెం మెత్తబడి, ఒక ఫైలు తెరిచి చూపించాడు. అందులో ఒక సీడీ మధ్య రంధ్రంలోంచి ట్యాగు దారం దూర్చి, కాగితాలతో కలిపి ముడి వేసి ఉంది. “చూడు, ఎంత చక్కగా కూచుందో. పెన్‌డ్రైవును ఇట్ల కట్టగలమా? పైవాళ్లు ఆలోచించే పెడ్తారు రూలు. టైమింకా నలభై నిమిషాలుండాది. ఎదురంగడిలో కొత్తది దొరుకుతాది, పో.”

ఎదురంగడి వనజమ్మది. ఫారాలు, కవర్లు, లక్క, దస్తావేజు కాగితాలు అమ్ముతుంది. గల్లాపెట్టె పక్కన సీడీలు చపాతీల్లా దొంతరగా పేర్చి ఉన్నాయి. ప్రొద్దుటూరులో మాయమైన జాతి అంతా ఇక్కడ ఆశ్రయం పొందుతోంది.

“ఒక సీడీ ఇయ్యమ్మా.”

“మునక ఆఫీసుకేనా అయ్యవారూ?” ఆమె ఒకటి తీసి, కొంగుతో తుడిచి ఇచ్చింది. అప్పుడు ఆయన చేతిలోని కవరు చూసింది. “అదేంది? రాయించుకొచ్చినావా?”

“రాసినా.”

“అయ్యో,” అంది వనజమ్మ, నిజంగానే నొచ్చుకుని. “రెండేండ్లుగా అమ్ముతాండా. రాసింది ఇయ్యాలని ఇంతవరకు ఎవురికీ బుద్ధి పుట్టలే.”

దేవపాలు అంగడి చూరు కింద నిలబడ్డాడు. ఒక చేతిలో సుద్దమిట్ట ఉన్న సీడీ, ఒక చేతిలో ఏమీ లేని సీడీ. ముప్పై నాలుగేళ్లలో ఆయన ఖాళీ పేపరుకు ఒక్క మార్కు వేసినవాడు కాదు. ఆ మాట తలచుకుంటే గర్వంగా ఉండేది. ఇప్పుడు నాలుకకు చేదుగా తగిలింది. ఖాళీ సీడీ ఇవ్వడం అబద్ధమా? దాంట్లో ఏమీ లేదు; ఏమీ లేనిది అబద్ధం ఎలా చెబుతుంది? ఈ తర్కం ఎంత నున్నగా ఉందంటే, అది తనది కాదని ఆయనకు వెంటనే తెలిసింది. గడియారం నాలుగూ నలభై చూపుతోంది. అక్కకు ఎనభై నాలుగేళ్లు.

ఖాళీ సీడీ మీద ఆయన గుండ్రటి అక్షరాలతో ‘సుద్దమిట్ట సమాధుల తోట’ అని రాశాడు. నాగేంద్ర దాన్ని లైటుకేసి ఎత్తి చూశాడు. అందులో ఆయనకు తన ముఖం నలుపుకు నలుపుగా, తెలుపుకు తెలుపుగా కనిపించింది.

“ఇప్పుడు బాగుండాది. దస్తూరి కూడా ముత్యాలే.” రంధ్రంలో దారం దూర్చి ముడి వేశాడు. రశీదు ఇచ్చాడు.

“ఇచ్చినావా?” అని ఇంట్లో అక్క అడిగింది.

“ఇచ్చినా,” అన్నాడు దేవపాలు. ఆ ఒక్క మాటలో ఎంత ఖాళీ ఉందో ఆమె లైటుకేసి ఎత్తి చూడలేదు.

నలభై రోజులకు పులివెందుల నుంచి రిజిస్టరు కవరు వచ్చింది. దేవపాలు వరండాలో కూర్చుని అక్కకు చదివి వినిపించాడు.

“‘సదరు దరఖాస్తుదారు సమర్పించిన సీడీని పరిశీలనాధికారి వారు మొదటి నుండి చివరి వరకు రెండు పర్యాయములు తిలకించి యున్నారు. దృశ్యములు మిక్కిలి స్పష్టముగా నున్నవి. సీడీలో ఏ భాగమునందును నీరు కానరాలేదు. కావున సదరు సమాధుల తోట ముంపునకు గురి కాలేదని నిర్ధారించడమైనది. దరఖాస్తుదారులు పాత తోటనే యథాప్రకారము వాడుకొనవచ్చును.’”

దేవపాలు కాగితం కిందికి దించాడు. సీడీ ఖాళీది, మీరేం చూశారు అని అడగొచ్చు. అడిగితే, ఖాళీది ఎందుకిచ్చావని వాళ్లు అడుగుతారు. అసలు సీడీ ఇచ్చి ఉంటేనో? దాంట్లోనూ నీళ్లు లేవు; నీళ్లు రాకముందు తీసింది. ఎటు తిప్పి చూసినా పై ఆఫీసు రాసిన దాంట్లో ఒక్క తప్పు కూడా ఆయనకు దొరకలేదు. ఇన్నేళ్ల హెడ్మాస్టరుకు అంతకంటే అవమానం ఉండదు.

“నీళ్లు ల్యావంటనా?” అంది ప్రేమకుమారి.

“ల్యావంట.”

“మంచిదే లే. మీ బావది పడిశం వొళ్లు.” ఆమె కాసేపు పెరటి వైపు చూసింది. “ఇంకేమన్నా రాసినారా కింద?”

“అభ్యంతరం ఉంటే, ఆ తోటలో నిలబడి తీసిన ఫోటో పెట్టి ముప్పై రోజుల్లో అప్పీలు చేసుకోమన్నారు.”

ప్రేమకుమారి తన మణికట్టు తానే పట్టుకుని, గోడ గడియారం చూస్తూ ఒక నిమిషం పాటు నాడి లెక్కపెట్టుకుంది. ముప్పై రోజులంటే ఆగగలననీ, ముప్పై ఒకటైతే మాత్రం మాట ఇవ్వలేననీ చెప్పింది.